ఏనుగుల సంతకు ఎవరిని పిలవాలి?

ఒకానొకప్పుడు సముద్రతీరాన సింహరేవు అనే రాజ్యం ఉండేది. అడవి ఏనుగులను మచ్చిక చేసి అమ్మడం ఆ రాజ్యానికి పెద్ద ఆదాయం. రాజు విక్రమభూపతికి తన కవిత్వమన్నా, తన చుట్టూ చేరే జనమన్నా మహా గర్వం.

ఆ ఏడు దండోరా అధికారి మల్లప్ప ఏనుగుల సంత గురించి ఊరూరా చాటింపు వేయించాడు. సంతకు జనం విరగబడి వచ్చారు. అయినా ఒక్క ఏనుగూ అమ్ముడుపోలేదు.

రాజు అమ్మకాల అధికారి పెద్దిరాజుపై మండిపడ్డాడు. "ఇంతమంది వచ్చినా అమ్మలేకపోయావంటే లోపం నీదే. రేపటి నుంచి కొలువుకు రాకు!"

"ప్రభూ, వచ్చినవాళ్ళు పానకం తాగి, ఏనుగులకు అరటిపళ్ళు పెట్టి పోయారు. కొనేవాడు ఒక్కడూ లేడు," అన్నాడు పెద్దిరాజు కళ్ళనీళ్ళతో.

"పిలవడం నా పని, అమ్మడం నీ పని," అన్నాడు మల్లప్ప మీసం దువ్వుతూ.

అప్పుడు కొలువులో చమత్కారిగా పేరున్న కొమ్మన లేచాడు. "ప్రభూ, ఒక్కరోజు ఆగండి. రేపు మీ కొత్త కావ్యం వినిపిస్తారు కదా! శ్రోతలను నేను పిలుస్తాను."

మరునాడు సభ కిక్కిరిసింది. రాజు ఉత్సాహంగా విరహ పద్యం అందుకున్నాడు. కొందరు పకపకా నవ్వారు. కొందరు కునికిపాట్లు పడ్డారు.

"ఎవరయ్యా వీళ్ళు?" అని గద్దించాడు రాజు.

"రేవులో దిగిన చీనా నావికులు ప్రభూ. తెలుగు ముక్క రాదు," అన్నాడు కొమ్మన.

"మరి ఎందుకు పిలిచావు?"

"సభ నిండాలి కదా! పిలవడం నా పని, మెప్పించడం మీ పని. ఇంతమంది వచ్చినా ఒక్కరూ 'ఆహా' అనలేదంటే, లోపం కవిత్వంలోనే..."

రాజు ముఖం ఎర్రబడింది. అంతలో మల్లప్ప తల దించుకోవడం ఆయన కంటపడింది. తాను పెద్దిరాజును అన్న మాటే తనకు తిరిగి వచ్చిందని తెలిసేసరికి కోపం మెల్లగా చల్లారింది. "పెద్దిరాజు కొలువులోనే ఉంటాడు. మల్లప్పా, ఈసారి నువ్వూ అతడూ కూర్చుని, ఎవరిని పిలవాలో ముందే తేల్చుకోండి," అన్నాడు.

మల్లప్ప తానే పెద్దిరాజు ఇంటికి వెళ్ళాడు. "అన్నా, ఏనుగులు ఎవరికి కావాలి?" అని మొదటిసారి అడిగాడు. దేవాలయాలకు, కలప వ్యాపారులకు, పొరుగు సామంతులకు మాత్రమే కబురు వెళ్ళింది. తరువాతి సంతకు జనం పలచగా వచ్చారు. సాయంత్రానికి ఒక్క ఏనుగే మిగిలింది.

రాజు పొంగిపోయాడు. "కొమ్మనా, ఆ ఏనుగు నీకే బహుమతి!"

కొమ్మన చేతులు జోడించాడు. "ప్రభూ, కొనలేనివాడిని పిలిస్తే నష్టం పానకంతో పోతుంది. మేపలేనివాడికి ఏనుగునిస్తే వాడి కొంపే పోతుంది!"

రాజు పగలబడి నవ్వి, అతడి ఇంటికి రెండు పాడిగేదెలను తోలించాడు.