చికొండిని అడగని ప్రశ్న

ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే అలవాటు మార్కండేయులుగారికి లేదు. వ్యవసాయ కళాశాలలో పాఠాలు చెప్పిన రోజుల్లోనూ అంతే, రిటైరయ్యాకా అంతే. ఆయన శిష్యురాలు హైమవతి ఇప్పుడు అదే కళాశాలలో అధ్యాపకురాలు. ఒక సాయంత్రం వచ్చి అడిగింది.

"నా తరగతిలో ఒక సవర తెగ అమ్మాయి ఉంది సార్. ప్రాక్టికల్స్‌లో ఎవరూ ఆమెతో జత కట్టరు. ఆ సంగతి అందరి ముందూ ఎత్తితే పిల్ల ఇంకా నొచ్చుకుంటుందేమో. ఎత్తకుండా ఉండలేకపోతున్నాను."

ఆయన తన పాత విద్యార్థి చికొండి గురించి చెప్పారు.

చికొండి మలావీ దేశం నుంచి చదువుకోవడానికి వచ్చినవాడు. తోటివాళ్లు అతణ్ణి పేరుతో పిలిచేవారు కాదు, బొగ్గు అనేవారు. ఆ పేరు పెట్టింది అనంతపురం వైపు కుర్రాడు ఓబులేసు. కళాశాల పొలంలో చికొండి తన వంతు మడి ఒక్కడే విత్తుకునేవాడు, ఒక్కడే కలుపు తీసుకునేవాడు. ఇది మార్కండేయులుగారి చెవిన పడింది. ముందుగా అతణ్ణి విడిగా పిలిచి, "నలుగురిలో మాట్లాడతావా?" అని అడిగారు. సరేనన్నాక, ఒక రోజు పాఠం పక్కనపెట్టి తరగతినంతా మాట్లాడమన్నారు. ఒక్కొక్కరే లేచి, అతని మీద మాకేమీ లేదన్నారు, సరదాకే అన్నామన్నారు. ఆఖరికి చికొండి లేచాడు.

"ఇది వ్యవసాయ కళాశాల. మా ఇంట్లో ఏం పండిస్తారని ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు."

ఓబులేసు తల ఎత్తకుండానే, "ఏం పండిస్తారు?" అన్నాడు.

మొక్కజొన్న, దాని మధ్యలో గుమ్మడి, గట్టు పక్కన వేరుశనగ అన్నాడు చికొండి. తొలి వాన పడగానే వాళ్లమ్మ పారతో మట్టి ఎగదోస్తుందనీ, వెనకాలే చెల్లెలు గింజలు వేస్తుందనీ, పచ్చి కాయలు ఉప్పేసి ఉడకబెడితే ఆ వాసనకు పక్కింటివాళ్లు కూడా వచ్చి కూర్చుంటారనీ చెప్పాడు. చెబుతూ చెబుతూ ఇంగ్లీషు వదిలి తన భాషలోకి వెళ్లిపోయాడు. అది అతనికి తెలియనే లేదు. చూపు కిటికీ అవతల ఎక్కడో ఉంది. చేతులు మట్టి ఎగదోస్తున్నట్టు కదులుతున్నాయి.

తరవాత ఓబులేసు అతని మడిలోకి వెళ్లి, పేరు సరిగ్గా పలకడం నేర్పమన్నాడు. కొందరు చివరిదాకా మారలేదు.

"తన భాషలో ఏం చెప్పాడు సార్?" అంది హైమవతి.

"తెలియదమ్మా," అన్నారాయన. "భోజనం గంట కొట్టినా ఎవ్వరం లేవలేదు."