నీళ్ళు మోసిన మనిషి కాగితం

కడవ మీద కడవ పెట్టి కదిలిందమ్మా
కొండ దిగి, కోన దిగి...
ఆ తర్వాత ఏదో ఉండేది. మరిచిపోయాను.
ఎవరి దాహం తీరెనమ్మా, ఎవరి కాలు నొచ్చెనమ్మా...

ఎప్పటి మాటో. మనిషి మాటకి విలువున్న రోజులంటారు. ఏ మనిషి మాటకో మాత్రం చెప్పరు.

మా ఊళ్ళో ఒక చదువు సావిడి ఉండేది. ప్రతి గురువారం సాయంత్రం పెద్దలంతా చేరి రాజుల కథ ఉన్న ఒక లావుపాటి పుస్తకం చదివించుకునేవారు. అది పూర్తవడానికి మూడేళ్ళు పట్టేది. పూర్తయ్యాక ఒకరోజు కూర్చుని, ఎవరి మనసులో ఏం మిగిలిందో చెప్పుకునేవారు. దాన్ని నెమరు అనేవారు. మరుసటి వారం మళ్ళీ మొదటి కాగితం. తాతల నాటి నుంచీ అంతే.

చదివేవాళ్ళ గొంతు తడపడానికి నూకాలు నీళ్ళు తెచ్చేది. కడవ దించేది, గడప అవతల కూర్చునేది, వినేది.

నూకాలు విన్న మొదటి నెమరులో ఒకాయన రాజు పౌరుషం మెచ్చుకున్నాడు. ఇంకొకాయన కోట గోడలు మెచ్చుకున్నాడు. గడప అవతలి నుంచి నూకాలు అడిగింది.

"ముట్టడిలో ఏడు రోజులు కోటలోకి నీళ్ళు మోసిందే, ఆ మనిషి ఏమైంది బాబూ?"

అందరూ నవ్వారు. "ఇంత కథలో దీనికి కడవే కనిపించిందిరా!"

మూడేళ్ళు గడిచాయి. రెండో నెమరు. కడవ దించింది, గడప అవతల కూర్చుంది, అడిగింది.

"ఆ మనిషి ఏమైంది బాబూ?"

చదివే వరహాలయ్య గారు కసిరాడు. "పుస్తకంలో లేదే! నోరు మూసుకుని కూర్చో."

ఇంకో మూడేళ్ళు. మూడో నెమరు. కడవ దించింది. ఈసారి కూర్చోలేదు.

"పుస్తకంలో ఉంది బాబూ. అక్కడికొచ్చేసరికి మీరు రెండు కాగితాలు కలిపి తిప్పుతారు. చప్పుడు బరువుగా ఉంటుంది. తొమ్మిదేళ్ళుగా వింటున్నాను."



"మా తాత అలాగే తిప్పేవాడు. మా నాన్నా అలాగే తిప్పాడు," అన్నాడు వరహాలయ్య గారు. "దాసీదాని గోలకి ఒక పూట దండగ అనేవారు."

"మీరు చదివారా?"

"లేదు."

నూకాలు కడవెత్తి నీళ్ళన్నీ వాకిట్లో పారబోసింది. "అయితే ఈ పూట మీ గొంతులూ ఎండనీండి."

ఆయనకి రోషమొచ్చింది. చాకు తెప్పించి, అతుక్కుపోయిన కాగితాలు విడదీశాడు. పైకి చదివాడు.

"ఏడవనాడు ఆమె కోట వాకిటికి వచ్చెను. కడవను లోపలికి అందుకొనిరి. ఆమెను బయటనే ఉంచి తలుపు మూసిరి. ఆమె పేరు..."

ఆగిపోయాడు.

"చదవండి బాబూ."

"చిల్లు పడిందే. పురుగు తినేసింది."

"పురుగు కాదు," అంది నూకాలు. "మీరు తిన్నారు. మీ నాన్న తిన్నాడు. మీ తాత తిన్నాడు."

ఖాళీ కడవ చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ సావిడి గడప చూడలేదు. ఆ చలికాలంలోనే చనిపోయింది.

ఇప్పటికీ మా ఊళ్ళో ఆ కథ చదువుతారు. ఆ కాగితం వచ్చిన రోజు ఎవరి నీళ్ళు వాళ్ళే తెచ్చుకోవాలి. చిల్లు దగ్గర చదువు ఆపుతారు. అప్పుడు ఒక్కొక్కరూ తమ ఇంటికి నీళ్ళు మోసిన మనిషి పేరు పైకి చెబుతారు. మొదటి పేరు నూకాలుది. పేరు తెలియనివాళ్ళు తలవంచుకుని కూర్చుంటారు. చాలామందే కూర్చుంటారు.

ఎంత మంచి ఆచారమో అంటారు వచ్చినవాళ్ళు. నాకు ఒళ్ళు మండుతుంది. బతికుండగా గడప లోపలికి రమ్మన్నవాడు ఒక్కడూ లేడు.

నూకాలు మంచాన పడ్డప్పుడు గంజి పట్టుకెళ్ళాను. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. దాని మనసు కుదుటపడుతుందని చెప్పాను: "నీ మాటే నిజమైందట పిన్నీ. కాగితంలో అంతా ఉందట. వరహాలయ్య గారే ఊరందరికీ చెబుతున్నారు."

గంజి పక్కకి తోసేసింది.

"ఆయన చెప్పాడని నమ్మకే," అంది. "నువ్వెళ్ళి చూడు."