చెట్టుకు కట్టిన గడ్డితాడు

నాలుగు వైపులా సముద్రం, మధ్యలో వరసగా కొండలు, కొండలకీ నీళ్లకీ మధ్య ఇరుకుగా కాస్త నేల. ఇప్పుడు జపాన్ అంటున్న దీవుల్లో, చాలా పాతకాలంలో, అలాంటి ఒక చోటికి మనుషులు పడవల్లో వచ్చి దిగారు. నేలను గుంటగా తవ్వి, పైన రెల్లు కప్పి ఇళ్లు కట్టుకున్నారు. పల్లంలో వరి నాటారు. కొండమీది జంతువులు మొదట బెదిరాయి గానీ, మనుషులు పైకి రావడం తక్కువేనని తెలిశాక కుదుటపడ్డాయి.

ఆ మనుషులకు రాయిలో దేవుడు, జలపాతంలో దేవుడు, ముసలి చెట్టులో దేవుడు. దేవుడున్నాడనుకున్న చోట వరిగడ్డితో పేనిన లావుపాటి తాడు కట్టేవాళ్లు. ఇక అక్కడ ఆకు కూడా తుంచేవాళ్లు కాదు.

ఇది కోతి కంటపడింది.

కొండవాలులో ఒక పెద్ద చెస్ట్‌నట్ చెట్టు ఉంది. దాని ముళ్లకాయ పగిలితే లోపల తియ్యటి గింజలు. చలికాలానికి ముందు అందరికీ అదే ఆధారం. ఆ ఏడు కాపు తక్కువ. కోతి పొలం గట్టున మిగిలిపోయిన తాడొకటి లాక్కొచ్చి చెట్టు మొదలుకు చుట్టేసింది.

పొద్దున్నే అడవిపంది, ఎలుగుబంటి వచ్చేసరికి కోతి కొమ్మమీద పెద్దమనిషిలా కూర్చుని ఉంది.

"ఆగు మామా. ఈ చెట్టులో దేవుడు వెలిశాడు. నా కళ్లతో చూశాను. గింజ ముట్టుకున్నామంటే అదిగో, ఆ పొగలు కక్కే కొండ మన నెత్తిన నిప్పులు పోస్తుంది."

"నిన్నటిదాకా లేని దేవుడు ఇవాళ ఎక్కణ్ణించి ఊడిపడ్డాడు?" అంది అడవిపంది.

"నీకు చెప్పి రావాలా? కింద మనుషుల్ని చూడు. తాడు కట్టిన చోట చెయ్యి పెడుతున్నారా?"

అది నిజమే. అడవిపంది ఒక అడుగు వెనక్కి వేసింది.

ఎలుగుబంటి కడుపుతో ఉంది. మంచు పడితే గుహలో పడుకోవాలి, అక్కడే ఈనాలి. ఒంట్లో కొవ్వు లేకపోతే పిల్లలకు పాలుండవు.

"మరిదీ, నాలుగు గింజలు ఏరుకుంటాను. దేవుడు తల్లి మీద కోపగించుకోడులే."

"నేను వద్దన్నానా వదినా? ఆయనే ఒప్పుకోడు."

ఎలుగుబంటి కళ్లనీళ్లతో పల్లానికి దిగింది. అక్కడ వరిమళ్లలో తిరిగే తెల్లకొంగ ఆపి సంగతి అడిగింది. అంతా విని మెడ ఊపింది.

"కోతి తాడు కట్టడం వరకే చూసిందన్నమాట. ఆ తర్వాత మనుషులు చేసేదంతా నేను చూశాను. రేపు పొద్దున అందరినీ చెట్టు దగ్గరికి రమ్మను."

మర్నాడు కొంగ అందరి ముందూ చెట్టుకు వంగి దణ్ణం పెట్టింది.

"దేవుడు మన కొండకు రావడం మన అదృష్టం. మరి పూజారి ఎవరు? ముందు చూసినవాళ్లే కదా ఆ పని చెయ్యాలి."

"అయితే నేనే అత్తా," అంది కోతి ఛాతీ విరుచుకుని.

"సంతోషం. తెల్లారగానే ఏట్లో తలదాకా మునగాలి. మైల ఒంటితో దేవుడి దగ్గరికి రాకూడదు. ఆయన వెలిసిన చెట్టు ఎక్కకూడదు. ఆ చెట్టు గింజ నోట పెట్టకూడదు."

కోతి మెల్లగా కిందికి దిగింది. "రాలినవో?"

"గాలికి రాలినవి ఆయన తనంతట తాను ఇచ్చినవి. అవి అందరివీ. పూజారికి మాత్రం ఉపవాసం."

ఎలుగుబంటి అప్పుడే వంగి ఏరుకోవడం మొదలుపెట్టింది.

ఆ ఏరు మంచుకొండ నుంచి వస్తుంది. కోతి మునిగి లేచేసరికి పళ్లు టకటకలాడేవి. అడవిపంది ఒడ్డున కూర్చుని చూసేది.

"నడినెత్తి తడవలేదు అల్లుడూ. ఇంకోసారి."

కొన్నాళ్లకు కోతి అందరి ముందుకూ వచ్చి తాడు విప్పేసింది.

"దేవుడు వెళ్లిపోయాడా?" అంది కొంగ.

"రానేలేదు. నేనే కట్టాను. ఆకలేస్తోంది అత్తా."

అడవిపంది కోరలు చూపింది. ఎలుగుబంటి అడ్డం వచ్చింది. "పోనీలే అన్నయ్యా. మరిదీ, పైకొమ్మల్లో ఇంకా ఉన్నాయి. ఎక్కి దులుపు. అందరం తిందాం."

కోతి చెట్టెక్కి, సాయంత్రం దాకా కొమ్మలు దులుపుతూనే ఉంది. కింద అందరి కడుపులూ నిండాకే దానికి దిగమని పిలుపొచ్చింది.

నీతి: పదిమంది తిండికి దేవుణ్ణి అడ్డం పెట్టినవాడు ఆ దేవుడి నియమాలకే దొరికిపోతాడు.