గుబురమ్మ కొన్న జీపు

నల్లకొండల నడుమ ఒక మోదుగుల అడవి. అందులో ఏనుగులు, దుప్పులు, ముళ్ళపందులు, ఒక నక్క ఉండేవి. గుబురమ్మ అనే ఎలుగుబంటి కూడా తన ఇద్దరు పిల్లలతో అక్కడే బతికేది.

ఆ ఏడు వాన చుక్క పడలేదు. చెరువు బురదైంది. బురద బీటలైంది. నది ఐదు రోజుల నడక. దారిలో ఏనుగులు ఎండిన వాగు ఇసుకను తవ్వితే నీళ్ళు ఊరేవి. వెనక వచ్చేవాళ్ళు అవి తాగాలి. ఒక్క పూట ఆలస్యమైనా ఆ చెలమలు పూడిపోతాయి. అందుకే అందరూ మర్నాడు కలిసి బయల్దేరాలనుకున్నారు.

ఎలుగుబంట్లు పిల్లల్ని వీపు మీదే మోస్తాయి. గుబురమ్మ పిల్లలు బాగా బరువెక్కారు. ఐదు రోజులు మోయగలనా అని ఆమెకు గుబులు.

నక్క అది పసిగట్టింది. వేటగాళ్ళు ఎప్పుడో వదిలేసిన పాత జీపు దగ్గరికి ఆమెను తీసుకెళ్ళింది.

"ఎన్ని తరాలమ్మా ఈ మోత? వీపు మీద బరువు బానిసత్వం. చక్రమే విముక్తి! ఒక్క తేనెపట్టు ఇవ్వు, బండి నీదే."

"ఇది కదలదు కదా?"

"కాస్త బాగుచేసుకోవాలి. చెమటోడ్చనిదే కొత్త లోకం వస్తుందా?"

గుబురమ్మ చెదలు తినడానికి పుట్టను ఊదినట్టే జీపుకు మూతి ఆనించి గట్టిగా ఊదింది. దుమ్ము లేచిపోయి ఇనుము తళుక్కుమంది. పుట్ట మీద దుమ్ము పోతే లోపల చెదలు కదులుతాయి. ఇందులోనూ ఏదో కదిలి తీరుతుందని ఆమె నమ్మింది.

పొరుగున ఉండే ముళ్ళపంది సూదమ్మ ఊరుకోలేదు. "వదినా, అంత మంచి బండైతే నక్కెందుకు నడిచి పోతోంది? ఆ తేనె దారిలో పిల్లల నోట్లో వెయ్యి. బరువైతే ఒకరిని ఏనుగమ్మ ఎక్కించుకుంటుంది. అడుగుదాం రా."

"ఒకరిని దేబిరించే ఖర్మ నాకేంటి? పోయేది ఒక్క తేనెపట్టే కదా!" అంది గుబురమ్మ.

తెల్లారి అందరూ కదిలారు. నక్క మూతి నాక్కుంటూ వాళ్ళ వెంట నడిచింది.

"రేపు మిమ్మల్ని దాటి పోతా, చూస్తుండండి!" అని గుబురమ్మ అరిచింది. సూదమ్మ వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్ళింది.

మొదటి రోజు గుబురమ్మ దుమ్మంతా ఊదింది. రెండో రోజు మట్టిలో కూరుకుపోయిన చక్రాలను తవ్వింది. మూడో రోజు భుజం ఆనించి తోసింది. జీపు మూరెడు కదిలింది. ముందు చక్రం ఊడిపడింది.

అప్పటికి పిల్లలు నీళ్ళు అడగడం మానేశారు. గుబురమ్మ జీపును వదిలేసింది. ఇద్దరినీ వీపున వేసుకుని పరుగెత్తింది.

మొదటి చెలమ పూడిపోయి ఉంది. రెండోదీ అంతే. తవ్వబోయింది. జీపు ఇనుముతో పోరాడి గోళ్ళు అప్పటికే విరిగిపోయాయి. ఇసుకను లోతుగా తవ్వలేకపోయింది. మర్నాడు చిన్నవాడు వీపు మీంచి జారిపోయాడు. ఎంత పిలిచినా లేవలేదు.

చివరికి ఆమె పెద్దపిల్లతో నది చేరింది. సూదమ్మ ఎదురొచ్చింది.

"వదినా, చిన్నోడేడీ?"

గుబురమ్మ నీళ్ళలో మూతి పెట్టింది గానీ తాగకుండానే తీసేసింది.

పక్కనే పెద్దపిల్ల కడుపునిండా తాగింది. తాగాక, తమ్ముడికి చోటిస్తూ కాస్త పక్కకు జరిగింది.

నీతి: కదలని బండి చవకగా దొరకవచ్చు. దాన్ని కదిలించడానికి పోయే కాలం మాత్రం ఎప్పుడూ చవక కాదు.