పచ్చగా వెలిగే చుక్క

విశాఖలో మెదడు మీద పరిశోధన చేసే ల్యాబు ఒకటుంది. దానికి సింహాద్రి కాపలా కాస్తాడు. అతని పెళ్ళాం వరాలు గదులు తుడుస్తుంది, బావమరిది గవర్రాజు గాజుసామాను కడుగుతాడు. రోజూ మెదళ్ళ మధ్యే బతుకుతున్నాం గనుక మాకున్నంత తెలివి ఊళ్ళో ఎవరికీ లేదని ముగ్గురికీ గట్టి నమ్మకం. సింహాద్రికైతే మరీను.

ఒకరోజు అక్కడ పరిశోధన చేసే శశిరేఖ మేడం ఊరెళ్తూ సింహాద్రికి ఫ్రిజ్‌లోని బుల్లి సీసా చూపించారు.

"ఇది యాంటీబాడీ. మెదడులో కొత్త కణాలను పుట్టించే మూలకణాలుంటాయి. వాటిలో నెస్టిన్ అనే ప్రోటీను ఉంటుంది. ఈ మందు దాన్ని వెతికి పట్టుకుంటుంది. చీకటి గదిలో చూస్తే పచ్చగా వెలుగుతుంది. చల్లగా ఉంచు. వెలుతురు తగలనివ్వకు. కుదపకు. ఇది పోతే నా పని మళ్ళీ మొదటికొస్తుంది."

"నిశ్చింతగా ఎల్లి రండి మేడం," అన్నాడు సింహాద్రి. అంత పెద్దావిడ తనను నమ్మినందుకు అతనికి గర్వంగానూ ఉంది, భయంగానూ ఉంది.

మేడం అలా వెళ్ళగానే, సీసా క్షేమమేనా అని ఫ్రిజ్ తలుపు తీశాడు. లోపల బల్బు వెలుగుతోంది. వెలుతురు తగలకూడదన్నారే! మూసి మళ్ళీ తీశాడు. మళ్ళీ వెలుగుతోంది.

"ఏటి బావా, ఎప్పుడు సూసినా ఎలుగుతానే ఉంది," అన్నాడు గవర్రాజు.

ఇంకేముంది, ప్లగ్గు పీకేశారు. బల్బు ఆరింది. హమ్మయ్య అనుకున్నారు.

సాయంత్రానికి ఫ్రిజ్ లోపల ఉక్కపోసింది. మన మంచినీళ్ళ కుండలో వెయ్యమంది వరాలు. కానీ సీసాని కుండ దాకా మోస్తే కుదుపు కదా. అందుకని ముగ్గురూ కలిసి నిండు కుండనే మోసుకొచ్చారు. సగం నీళ్ళు సింహాద్రి ప్యాంటు మీదే పోయాయి. మిగిలినవాటిలోకి సీసాని మెల్లగా దించారు. అంతే, దాని మీది మందు పేరున్న కాగితం ఊడి పైకి తేలింది.

"ఇప్పుడిది మేడం మందో, ఉత్త నీళ్ళో ఎలా తెలిసేది?" సింహాద్రికి ఏడుపొచ్చినంత పనైంది. అంతలో బుర్ర పనిచేసింది. "మెదడులో ఎలుగుతాదన్నారు గదా. మనకి మెదళ్ళు నేవా ఏటి?"

వెంటనే లైట్లార్పి తలా ఒక చుక్క మాడు మీద వేసుకున్నారు. వెలగలేదు. కొబ్బరినూనె అడ్డం పడిందేమోనంది వరాలు. కుంకుడుకాయతో తలంటుకుని మళ్ళీ వేసుకున్నారు. ఊహూఁ. పుర్రె మందమేమోనని గవర్రాజు చెవిలో కూడా వేయించుకున్నాడు. వాడి చెవి మాత్రం గుయ్యిమంది.

మేడం తిరిగొచ్చేసరికి సింహాద్రి చేతులు కట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"మందు కంపెనీవోళ్ళు మిమ్మల్ని మోసం సేసీసినారు మేడం. ఈ మందు పన్సెయ్యదు. మా ముగ్గురి తలల మీదా ఏసి సూసినాం. ఒక్కటీ ఎలగనేదు."

మేడం కుర్చీలో కూలబడ్డారు. "కాస్తయినా మిగిలిందా?" అన్నారు.

"మిగలకేం మేడం, మీ వాటా దాసినాం," అని సింహాద్రి ఎంతో వినయంగా సీసాని ఆవిడ పాపిట మీద బోర్లించాడు. వరాలు లైటార్పింది. ముగ్గురూ ఆవిడ తలకేసే చూశారు.

చాలాసేపటికి చీకట్లోంచి సింహాద్రి గొంతు తగ్గించి అన్నాడు.

"పోన్లెండి మేడం. మీకూ మెదడు నేదని బయట ఎవరికీ సెప్పం."