దస్తగిరి గుడ్డ

ఏమయ్యా, పని చెడితే పక్కవాడి మీదికి తోసెయ్యడం అంత తేలికనుకున్నావా? తోసేటప్పుడు చెయ్యి నొప్పి పుట్టదు, అందుకే నీకు భయం లేదు. ఆ చేతులు కట్టుకుని కూర్చో. కూర్చుని ఈ కథ విను.

అనగనగా ఎర్రకనుమ. ఆ కనుమ కింద లారీలు ఆగే చోటు. లారీ ఇంజన్లకు కొత్తగా వైర్లతో కంప్యూటరు బుర్ర పెట్టిన కాలం. అక్కడ ఒక టార్పాలిన్ కింద, ఒక రేకు పెట్టె ముందు, వైర్ల పని చేసుకునే దస్తగిరి ఉండేవాడు. షెడ్డు లేదు, బోర్డు లేదు. ఒక్క మాట మాత్రం ఉండేది: "ముందు నేలనడుగు." బ్యాటరీ నుంచి బండి చట్రమైన ఛాసిస్‌కూ ఇంజనుకూ పోయే ఎర్త్ వైరును అతను నేల అనేవాడు. నేల గట్టిగా లేకపోతే ఏ కరెంటూ నిలబడదనేవాడు.

దసరా వెళ్ళింది. డ్రైవరు మద్దిలేటి లారీ దగ్గడం మొదలుపెట్టింది. ఎత్తు ఎక్కితే చాలు, ఇంజను ఊపు తప్పి మిస్సింగ్. ఎదురుగా ఉన్న పెద్ద షెడ్డు మేస్త్రీ ఓబులేసు ఫిల్టరు మార్చాడు. లారీ దగ్గింది. డీజిలు చిమ్మే నాజిళ్ళు మార్చాడు. లారీ దగ్గింది. డీజిలు పంపు దింపి మళ్ళీ బిగించాడు. లారీ దగ్గింది.

అప్పుడు ఓనరుతో అన్నాడు: "నా పనిలో లోపం లేదన్నా. నీ డ్రైవరే డీజిలు అమ్ముకుని కిరసనాయిలు పోస్తున్నాడు."

ఓనరు మద్దిలేటిని పిలిచాడు. "పొద్దు గూకేలోగా తాళం ఇచ్చి పో."

దొంగ అన్న పేరు పడితే ఆ దారిలో మళ్ళీ ఎవరూ స్టీరింగ్ ఇవ్వరు. మద్దిలేటి టార్పాలిన్ దగ్గరికి పరుగెత్తాడు.

"మామా, నేను పొయ్యలేదు. నా బిడ్డ మీద ఒట్టు."

"ఒట్టు నాకెందుకు అబ్బీ? లైట్లు వేస్తే ఎక్కువ దగ్గుతుందా?"

"అవును. లైట్లకూ కిరసనాయిలుకూ ఏం సంబంధం మామా?"

"ఏమీ లేదు. అందుకే తప్పు డీజిల్లో లేదు, కరెంటులో ఉంది. పద, ముందు నేలనడుగుదాం."

బ్యాటరీ దగ్గర ఎర్త్ విప్పి, గీకి బిగించాడు. లారీ దగ్గింది. ఛాసిస్ దగ్గర విప్పి, గీకి బిగించాడు. లారీ దగ్గింది. ఓబులేసు టీ గ్లాసు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఏం భాయ్, నేల ఏమంటోంది? నిద్రపోతోందా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

"ఇంకా అడుగుతున్నా," అని దస్తగిరి ఇంజను కిందికి దూరాడు. సైలెన్సరు తగిలి మోచెయ్యి కాలింది. బయటికి రాలేదు. పొద్దు కనుమ మీదికి ఒరిగింది. తాళం కోసం ఓనరు వచ్చి నిలబడ్డాడు. అయినా రాలేదు. ఒక లావు వైరు తెప్పించి, ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కు కట్టించాడు. రెండో కొస ఇంజనుకు అదిమిపట్టాడు.

"లైట్లు వేసి తొక్కు అబ్బీ!"

లారీ దగ్గలేదు. వైరు తీశాడు, దగ్గింది. పెట్టాడు, ఆగింది.

"ఓనరన్నా, వంగి చూడు. ఇంజను ఎర్త్ బోల్టు ఇది. నేనింకా స్పానరు పెట్టలేదు. అయినా తల మీద కొత్త రంగు గీక్కుపోయి ఉంది." అప్పుడు బోల్టు విప్పాడు. వైరు కింద దట్టంగా ఎర్ర రంగు. ఆయుధపూజకు బండి మెరవాలని ఓబులేసు షెడ్డులో పూసిన రంగు. రంగులోంచి కరెంటు పోదు.

"నా షెడ్డుకే ఎర్త్ పెడతావా భాయ్?" అని ఓబులేసు అరిచాడు.

"నేను బండికే పెడతాను మేస్త్రీ. మనుషులకు పెట్టేది నువ్వు. రంగు తెలియక పడింది, దానికి నేనేమీ అనను. కానీ పంపు దింపాలంటే ఈ బోల్టు విప్పాలి. విప్పావు. రంగు చూశావు. చూసి, బిగించి, వీణ్ణి దొంగను చేశావు."

"ఒక్క బోల్టుకు ఇంత గోలా?"

"బోల్టు కాదు, ఒక మనిషి అన్నం."

ఓనరు తాళం మద్దిలేటి చేతిలోనే ఉంచి, ఆ చేతిని మూశాడు.

దస్తగిరి పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ ఆ దారిలో దసరాకు రంగు డబ్బా తెరిచే ముందు ఎర్త్ బోల్టుకు ఒక గుడ్డ చుడతారు. దాన్ని దస్తగిరి గుడ్డ అంటారు. ఎవరి మీదైనా నింద వేయబోతే, పెద్దవాళ్ళు "ముందు నేలనడుగు" అని ఆపుతారు.

తన తప్పు దాచుకునేవాణ్ణి చూస్తే "ఓబులేసు రంగు పూశాడు" అంటారు. ఆ మాట ఓబులేసు బతికుండగానే పుట్టింది. అతను చెవులారా విన్నాడు. అతని కొడుకు కనుమ అవతల షెడ్డు తెరిచి, బోర్డు మీద తాత పేరు రాయించాడు. తండ్రి పేరు రాయించలేదు.