పొడుగుజడ పిల్ల, తెరసెల్ల మీద చెయ్యి

ఇటు తిరిగి పడుకో బుజ్జీ. కాళ్ళు నా మీద వేసుకో. ఇది సిగ్గుపడే కథ, మెల్లిగా చెప్తా.

అనగనగా ఒక నూనె ఊళ్ళో ఇంటికో గానుగ. తలుపు పట్టుకుంటే జిడ్డు. పిల్లాడి బుగ్గ పట్టుకున్నా జిడ్డే. ఆ ఊరి బట్టలన్నీ లోవ అనే అమ్మాయి ఉతికేది.

లోవ ఇంట్లో ముగ్గురు అక్కచెల్లెళ్ళు ఉండేవాళ్ళు. మామూలు పిల్లలు కాదు, సబ్బు పిల్లలు. ముగ్గురికీ తలకి నీళ్ళంటే ప్రాణం, జడకి నూనెంటే ప్రాణం. నీళ్ళలో దిగితే చాలు, ఒక్కొక్కత్తీ వెయ్యిమంది అయిపోయేది.

పెద్దదానికి రెండు పొట్టి జడలు, చెరో పక్కకి. అది పొడిబట్టలోకి చీమలా దూరేది. నీళ్ళు పోస్తే జారిపోయే జిడ్డుగుడ్డని కూడా చిటికెలో తడిపేసేది. తడపడం వరకే దాని పని.

రెండోదానికి నడుందాకా జడ. అది నీళ్ళ మీద భుజం భుజం కలిపి నిలబడేది. తల నీళ్ళలో, జడ గాల్లో. మధ్యలో కాస్త గాలి చిక్కిందా, ఇంక వదిలేది కాదు. అదేనమ్మా నురగంటే.

మూడోదానికి మోకాళ్ళ దాకా పొడుగుజడ. చన్నీళ్ళలో ముద్దలా కూచునేది, బద్ధకం దానికి. వేణ్ణీళ్ళు పోస్తే ఒళ్ళు విరుచుకుని లేచేది. అప్పుడు జడలన్నీ మరకలో గుచ్చి, తలలు నీళ్ళవైపు పెట్టి, జిడ్డుని చుట్టుముట్టి ఉండల్లే ఊడదీసి మోసుకుపోయేది. నురగ మాత్రం పిడికెడు కూడా వచ్చేది కాదు.

"మరి ముగ్గుర్లో ఎవరు గొప్ప అమ్మమ్మా?"

లోవకీ అదే తెలీలేదు, విను.

ఆ ఊరంతటికీ తెరసెల్ల ఒక్కటే. పెళ్ళికూతురికీ పెళ్ళికొడుక్కీ మధ్య అడ్డంగా పట్టుకుంటారే, ఆ తెల్లగుడ్డ. ఎవరు ఉతికితే వాళ్ళే పెళ్ళిలో ఒక కొస పట్టుకోవాలి. అది పెద్ద గౌరవం. ఉతికి మడత పెట్టాక మాత్రం పెళ్ళిపందిట్లో తప్ప విప్పకూడదు.

లోవ నేస్తం మాణిక్యానికి పెళ్ళి కుదిరింది. తెరసెల్ల చూస్తే, పోయిన పెళ్ళిలో ఎవరో గానుగాయన అంటించిన చెయ్యి అచ్చు ఉంది. ఐదు వేళ్ళూ!

లోవ గుడ్డని తొట్టిలో వేసింది. రెండుజడలది తడిపింది. ఆ తర్వాత నడుంజడది దిగింది. అబ్బో, ఏం నురగ! తొట్టి దాటింది, అరుగు దాటింది, వీధిలో పడింది. జనం మూగారు.

"ఏం ఉతుకుతున్నావే లోవా! పాలు పొంగినట్టుందే!"

లోవ పొంగిపోయింది. అప్పుడు పొడుగుజడ మెల్లిగా అంది, "లోవక్కా, కాసిని నీళ్ళు కాచవూ? మరక ఇంకా అడుగునే ఉంది."

"నీ మొహం! నువ్వు దిగితే నురగ చచ్చిపోద్ది. ఇంతమంది చూస్తుంటే పొయ్యి ఊదుకుంటూ కూచోనా?"

నురగ కింద మరక కనపడలేదు. తడిగుడ్డలోనూ కనపడలేదు. ఆరీ ఆరకముందే లోవ మడతేసి పెట్టేసింది.

పెళ్ళి రోజు వచ్చింది. ఒక కొస లోవ, ఇంకో కొస మాణిక్యం మేనమామ పట్టుకుని విప్పారు. సరిగ్గా పెళ్ళికూతురి మొహం దగ్గర, పచ్చగా అరచెయ్యి!

మగపెళ్ళివారిలో ఒకావిడ ముక్కు మీద వేలేసుకుంది. "మావాడు చూడాల్సింది పిల్లనండీ. ఈ చెయ్యెవరిదండీ, ఆగు ఆగు అంటోంది?"

పందిరంతా నవ్వులే. తెర వెనక మాణిక్యం ఏడ్చేసింది.

"ఎవరే ఉతికిందీ?" అంది మాణిక్యం తల్లి.

లోవ నోట్లోంచి మాట జారిపోయింది. "మరక పని పొడుగుజడది పిన్నీ. అది ఒళ్ళొంచలేదు."

పొడుగుజడ అక్కడే, గుంజ పక్కనే ఉంది. అందరూ దానివైపు తిరిగారు. అది జడ చేతికి చుట్టుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఊళ్ళో ఎవ్వరూ దాన్ని గుమ్మం తొక్కనివ్వలేదు.

లోవకి అన్నం సయించలేదు. నిజం చెప్పేద్దామని బయల్దేరింది. మాణిక్యం అత్తారింటికి బండెక్కుతుంటే దగ్గరికెళ్ళింది. "చల్లగా ఉండవే" అని వచ్చేసింది.

ఇంకోసారి, పొడుగుజడ ఊరి చివర గానుగలో తెలకపిండి ఎత్తుతోందని విని అక్కడికెళ్ళింది. దాని వీపు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. సోలెడు నూనె కొనుక్కుని వచ్చేసింది. ఇంట్లో జాడీ నిండా నూనె ఉంది బుజ్జీ!

మూడోసారి, ఊళ్ళో ఇంకో పెళ్ళొచ్చింది. తెరసెల్ల మళ్ళీ లోవ చేతిలో పెట్టారు. "నేనున్నాగా!" అని నడుంజడ గంతులేసింది. నురగ చూద్దామని జనం అప్పుడే మూగారు.

లోవ గుడ్డ పట్టుకుని వీధి మధ్యలో నిలబడింది. నోరు తెరిచింది.

"ఆరోజు పొడుగుజడ నీళ్ళు కాచమంది. నేనే కాచలేదు. మీరంతా మెచ్చుకుంటుంటే ఆపబుద్ధి కాలేదు. పందిట్లో నేను చెప్పింది అబద్ధం."

ఒక ముసలమ్మ, "అయ్యో, దాన్ని వాకిట్లోంచి తరిమేశానే!" అని చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఒక్కొక్కరూ జారుకున్నారు.

అప్పుడు లోవ పొయ్యి ముట్టించింది. కబురు పంపలేదు, తనే గానుగకి వెళ్ళి, "నీళ్ళు కాగాయి" అంది.

పొడుగుజడ వచ్చింది. వేణ్ణీళ్ళలో దిగింది. ముందు మరకలోని చిటికెన వేలు పోయింది. తర్వాత నడిమి మూడు వేళ్ళూ పోయాయి. చివరికి బొటనవేలూ, అరచెయ్యీ పోయాయి. గుడ్డ మల్లెపువ్వల్లే తేలింది.

"మరి లోవని క్షమించిందా అమ్మమ్మా?"

అడగడానికి లోవకి మొహం చెల్లలేదమ్మా. పెళ్ళిలో తెరసెల్ల కొస పొడుగుజడ చేతిలో పెట్టి, తను వెనక వరసలో నించుంది. పొడుగుజడ ఒకసారి వెనక్కి తిరిగి లోవకోసం వెతికింది. లోవ తల ఎత్తలేదు.

కథేమో కంచి దారి పట్టింది,
నిద్రేమో మనింటి తలుపు తట్టింది.